ఇద్దరి ప్లాన్

డిజైన్ సాఫ్ట్‌వేర్ చందా ఆ అర్ధరాత్రితో ముగుస్తుంది. అక్కాచెల్లెళ్లిద్దరూ ఇంట్లోనే కూర్చుని పుస్తకాల అట్టలు డిజైన్ చేసేవాళ్లు. అందుకే ఇద్దరి ప్లాన్. అక్క పోయి మూడు నెలలైంది.

"ఇంకా ఇద్దరికెందుకమ్మా, ఆ కంపెనీని మేపడానికా? ఒక్కరి ప్లాన్ తీసుకో," అన్నాడు బావ ఫోన్లో.

"తీసుకుంటే అక్క ఫైళ్లన్నీ పోతాయి బావా."

"ఎన్నాళ్లని పట్టుకుని వేలాడతావ్?"

నిజమేననిపించింది చెల్లెలికి. చివరిసారిగా, అక్క సగంలో వదిలేసిన అట్ట ఫైలు తెరిచింది. తెర మీద రెండో బాణం గుర్తు కదిలింది. పక్కనే అక్క పేరు. అది పుస్తకం పేరును వెంట్రుకవాసి ఎడమకు జరిపింది. బతికున్నన్నాళ్లూ అక్క చేసిన పనే అది.

"బావా, అక్క లాప్‌టాప్ తెరిచావా?"

"నా దగ్గరెక్కడుంది? పాడైందని నీ బీరువాలోనే పెట్టావుగా!"

ఫోన్ పెట్టేసింది. బీరువా ఆమె వెనకే ఉంది. పుస్తకం పేరును కావాలనే కుడికి నెట్టింది.

బీరువాలో టక్కుమని మీట నొక్కిన చప్పుడు. పేరు మళ్లీ ఎడమకు జరిగింది.

పన్నెండుకు ఇంకో నిమిషం ఉంది. ఒక్కరా, ఇద్దరా అని తెర అడుగుతూనే ఉంది.