జోగమ్మ అడిగిన ఒట్టు

హెచ్‌ఐవీకి మందులిచ్చే క్లినిక్ బయట, బల్ల మీద జోగమ్మ మధ్యలో కూర్చుంది. ఇటు కోడలు, అటు కొడుకు. కొడుకు గాలి కోడలికి తగలకూడదని ఆమె చేసిన ఏర్పాటు అది.

"ఇంకొంచెం అటు జరగరా," అంది. సాయిశంకర్ జరిగాడు. ఇంకా జరిగితే బల్ల అయిపోతుంది.

ధనలక్ష్మి తల దించుకుంది. వారం రోజులుగా ఆమె చేస్తున్న పని అదొక్కటే.

ఆమెకి మూడో నెల. కడుపుతో ఉన్నవాళ్లకీ, వాళ్ల మొగుళ్లకీ ఆసుపత్రిలో ఆ రక్తపరీక్ష మామూలే. అలా మామూలుగా చేసిన పరీక్షలోనే జబ్బు బయటపడింది. కంచరపాలెం వచ్చేదాకా ఆటోలో మొగుడూ పెళ్లాలు ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఎలా వచ్చిందని అడిగితే చెప్పాలి, చెబితే వినాలి. ఇద్దరికీ అంత ధైర్యం లేకపోయింది.

ఇల్లు చేరగానే సాయిశంకరే తల్లికి చెప్పేశాడు. ఇక మీదట ఇంట్లో రోజూ మాత్రలు కనబడతాయి, దాచడం కుదరదు.

"తప్పు నాదేనమ్మా. ఆ పిల్లకే జబ్బూ నేదు, ఏటీ తెల్దు," అన్నాడు.

జోగమ్మ అరవలేదు. పూర్ణా మార్కెట్లో ఇన్నేళ్లుగా కూరగాయలమ్మిన గొంతు ఆ పూట లేవనే లేదు. లారీ తోలే ఆమె తమ్ముడు ఇదే జబ్బుతో ఎముకల గూడై పోయాడు. అప్పట్లో మందులు అందేవి కావు. ఆమెకి తెలిసిన హెచ్‌ఐవీ అదే.

మన ఇళ్లల్లో మందు కన్నా ముందు కంచం మారుతుంది. సాయిశంకర్ కంచం, గ్లాసు, చాప వరండాలోకి వెళ్లాయి. బట్టలకి వేరే బకెట్టు వచ్చింది. పోర్టులో డ్యూటీ దిగి వచ్చినవాడికి తల్లి గుమ్మంలో నిలబడి దూరం నుంచే వడ్డించేది. కంచాలతోనూ బట్టలతోనూ అంటుకునే జబ్బు కాదని అతను చెప్పబోతే, నాకు సెప్పకు అని నోరు మూయించింది.

కోడలికి మాత్రం రాజభోగం. వంజరం చేప ముక్కల్లో పెద్దది ఆమెకే. మొదటి ముద్ద అత్తగారే కలిపి నోట్లో పెట్టేది. నా కొడుకు నీకు అన్నాయం సేసీసినాడే అంటూ తలకి నూనె రాసేది.

ఆ ముద్ద నములుతూనే ధనలక్ష్మి వరండా వైపు చూసేది. ఎదురుగా మనిషి ఒక్కడే కూర్చుని తినేవాడు. ఒక్క మాట అంటే ఆ కంచం లోపలికి వచ్చేది. అనలేకపోయింది. నోరు విప్పితే తన చోటు వరండాయేనని భయం. తనని తాను తిట్టుకునేది, అత్తగారు పెట్టిన ఇంకో ముద్దకి నోరు తెరిచేది.

ఒకసారి మంచినీళ్లు తీసుకుని అతని దగ్గరకి వెళ్లింది. "నువ్వు లోపలికెల్లిపో. అమ్మతో ఏటీ అనకు," అన్నాడు మెల్లగా. అతను తిట్టి ఉంటే ఆమెకి కాస్త తేలిగ్గా ఉండేది.

ఇప్పుడు క్లినిక్ బయట నర్సు వరసగా కూర్చున్న అందరికీ ధైర్యం చెబుతోంది. మానకుండా రోజూ మందు వేసుకుంటే అందరిలాగే నిండా బతకొచ్చంటోంది. జోగమ్మ చెవిన అది పడలేదు. ఆమె ఆలోచనలు ఆమెవి. మందులు తీసుకుని కొడుకు ఇటు నించి ఇటే గాజువాక పోయి గది చూసుకోవాలి. పురుడయ్యేదాకా ఇంటి గుమ్మం తొక్కకూడదు. అదే కొడుక్కి చెప్పింది. సాయిశంకర్ అన్నిటికీ సరేనన్నాడు.

"ఇంకోటి. పుట్టిన బిడ్డని ఎప్పుడూ ముట్టుకోనని అప్పన్న సామి మీద ఒట్టెయ్యి."

సాయిశంకర్ ఉలిక్కిపడి తల్లి మొహంలోకి చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. బిడ్డ కోసం ఉయ్యాల ఎక్కడ కట్టాలో పరీక్షకి ముందే చోటు చూసి పెట్టుకున్నవాడు.

"ఎయ్యరా," అంది జోగమ్మ. వారంగా కొడుకుని తాకడానికి భయపడుతున్న మనిషి, ఒట్టు కోసం అరచెయ్యి చాపింది.

అతను ధనలక్ష్మి వైపు చూడలేదు. మెల్లగా చెయ్యెత్తాడు.

లోపలి గది తలుపు తెరుచుకుంది. కొత్తగా మందు మొదలెట్టేవాళ్లని రమ్మని నర్సు పిలిచింది.

ధనలక్ష్మి మొగుడి చేతిని గాల్లోనే పట్టుకుని ఆపి, "నీ కొడుక్కి ఏ జబ్బూ లేదత్తా, ఆ మందులు నాకు," అని లేచి నర్సు వెనకాల నడిచింది.