బోర్డు మీద చోటు

చెంచయ్య మాస్టారికి వరసగా నాలుగు తుమ్ములు వచ్చాయి.

నాలుగో తుమ్ముకి చేతిలో కుంచె జారి ప్యాంటు మీద తెల్ల రంగు పడింది.

"ఎవరమ్మా అది?" అంటూ విసుగ్గా వెనక్కి తిరిగారు.

వరండా మెట్ల దగ్గర ఒకామె ఖాళీ క్యాను పట్టుకుని నిలబడింది. తలకు తువ్వాలు, ఒంటి నిండా మిరపకాయల ఘాటు. పుట్టి పెరిగింది మిరప చేల మధ్యే అయినా మాస్టారి ముక్కుకి మాత్రం ఆ ఘాటు అలవాటు కాలేదు.

"కోతకి పోతుంటే ట్రాక్టరు పంచరైందండి. మా వాళ్లకి కాసిని నీళ్లు పట్టుకుపోదామని."

"బోరింగు అటుంది. తొందరగా పట్టుకెళ్లు తల్లీ, నా ముక్కు ఊడేట్టుంది."

ఆమె నవ్వింది కానీ కదల్లేదు. గోడకున్న బోర్డు వంకే చూస్తోంది.

పదో తరగతిలో ఏటా బడికి మొదటొచ్చిన వాళ్ల పేర్లు రాసే బోర్డు అది. తెల్లారితే వార్షికోత్సవం. పోయినేడు అయిదు వందల యాభై ఒక్క మార్కులు తెచ్చుకున్న మహిమ పేరు దాని మీదకి ఎక్కాలి. కూతురి పేరు కళ్లారా చూడాలని వాళ్లమ్మ దేవకుమారి రేపు పని మానుకుని మరీ వస్తోంది.

తీరా చూస్తే బోర్డు మీద చీమ దూరే సందు లేదు.

"పై వరస తీసేద్దామమ్మాయ్," అన్నారు మాస్టారు, పక్కనే రంగు డబ్బా పట్టుకుని నిలబడ్డ మహిమతో. "ముప్పై ఏళ్ల నాటిది. అక్షరాలు ఎప్పుడో వెలిసిపోయాయి. ఎవరిదో కూడా తెలీదు."

మహిమ డబ్బా కింద పెట్టేసింది.

"వద్దు సార్. ఒకరి పేరు చెరిపి నా పేరు రాసుకుంటానా? వాళ్లూ కష్టపడే తెచ్చుకున్నారుగా!"

"మరి రేపు మీ అమ్మకేం చూపిస్తావ్?"

మహిమ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఘాటుకో, దిగులుకో మాస్టారికి తెలియలేదు.

"రాయించుకో తల్లీ," అంది మెట్ల దగ్గరామె. "పైనున్న మనిషి ఏమీ అనుకోదు. పూచీ నాది."

"నువ్వెలా పూచీ ఉంటావమ్మా? అసలు నీకు చదువొచ్చా?" అన్నారు మాస్టారు నవ్వుతూ.

"అప్పుడెప్పుడో వచ్చేదిలెండి," అని మహిమ వైపు తిరిగింది. "ఇప్పుడేం చదువుతున్నావమ్మా?"

"దర్శిలో ఇంటరండి."

"ఆపమాక."

రోడ్డు మీద ట్రాక్టరు హారను మోగింది.

"కరీమునక్కా! టైరు బిగిచ్చారు, రావే!"

ఆమె నీళ్ల సంగతే మరిచిపోయి ఖాళీ క్యానుతోనే పరిగెత్తింది.

ఆమె ఇచ్చిన పూచీతో మహిమ సరేనంది. మాస్టారు గరుకు కాగితంతో నాలుగు రుద్దులు రుద్దేసరికి పై వరస పోయింది. అరగంటలో మహిమ పేరు అక్కడ తళతళలాడింది. ఆ పిల్ల ముఖం అంతకన్నా వెలిగింది. మాస్టారు మళ్లీ తుమ్మారు, మహిమ పకపకా నవ్వింది.

అప్పుడే హెడ్మాస్టరు మార్క్ గారు ఓ పాత రిజిస్టరు చంకన పెట్టుకుని వచ్చారు.

"తీసేసిన పేరు దీన్లో వెతికి రాసిపెట్టండి చెంచయ్య గారూ. పై నెల కొత్త బోర్డు వస్తోంది, మళ్లీ ఎక్కిద్దాం."

ట్రాక్టరు చప్పుడు అప్పటికే పొదిలి రోడ్డు మలుపు దాటిపోయింది.

మాస్టారు కళ్లజోడు సవరించుకుని, మొదటి బ్యాచి పేజీ తీసి పైకి చదివారు: "పందొమ్మిది వందల తొంభై నాలుగు. స్కూల్ ఫస్ట్, షేక్ కరీమున్."