అడ్డం వచ్చిన మనిషి

ఉదయగిరి ఉరుసు చివరి రోజున, ఆత్మకూరు ఫోటోగ్రాఫరు హుసేనయ్య తన కెమెరాను మళ్లీ నా కెమెరాకు అడ్డంగా నిలిపాడు. మూడు రోజులుగా ఇదే వరస. ఎండ దిగిపోతోంది. ఫోటోకు కూర్చున్న కుటుంబం ముందే అతని మీద అరిచాను.

"తప్పుకోవయ్యా! నీకు మర్యాద తెలీదా?"

"ఏంది, నువ్వా నాకు మర్యాద చెప్పేది? పోయినేడు నేను కోటను తీస్తుంటే అడ్డమొచ్చింది ఎవురు? నువ్వేమో నల్లగుడ్డలో తల దూర్చుకోని ఉండావు. మీ ఇంటామె నీకు గొడుగు పట్టుకోని సరిగ్గా నా ముందర నిలబడినాది. ఫోటో తీసిన గాజు ప్లేటులో కోట యాడుంది? అంతా ఆమె నవ్వే! నమ్మకపోతే ఇంటికి పోయి ఆమెనే అడుగు."

నా భార్య శ్రావణంలో పోయిందని అతనికి తెలియదు. ఈ తాలూకాలో ఎందరికో ఫోటోలు తీశాను. ఆమెది ఒక్కటీ తీయలేదు.

"ఆ ప్లేటు పారేశావా?" అని అడిగాను.

"పారేస్తే నిన్ను నిలదీసేదెట్టా? ఇంట్లో నా పెట్టెలో భద్రంగా ఉండాది. వచ్చి చూసుకో."

రేపు పొద్దున మొదటి బస్సుకు ఆత్మకూరు వెళ్లి, తప్పు మాదేనని ఒప్పుకుంటాను.