ఎర్రగీత గ్లాసులు

ఇంటికి ఎవరొచ్చినా మా అత్త వరహాలమ్మ అరగ్లాసు నీళ్లే ఇస్తుంది. ప్రతి గ్లాసుకీ నడిమిన గోళ్లరంగుతో ఎర్రగీత ఉంటుంది. అనకాపల్లిలో మమ్మల్ని పిసినారులంటారు.

ఆ గీత ఒకప్పుడు మావయ్య తండ్రి కోసం, అన్న కోసం అత్త గీసింది. డయాలసిస్ రోజుల్లో నీళ్లు ఆ గీత దాటితే కాళ్లు వాచి, వాళ్లకు ఊపిరాడేది కాదు. ఇద్దరూ పోయారు.

ఇప్పుడు ఈ వంశపు కిడ్నీ జబ్బున్న ప్రతి ఇంట్లోలాగే ఇక్కడా మావయ్య పొద్దున్నే తోడుబిళ్ల అనే మాత్ర వేసుకుంటాడు. ఒంట్లో వంకర తిరిగిన ప్రొటీనుని అది సరిచేసి, చెయ్యి పట్టుకుని కిడ్నీలో దాని చోటుకి దిగబెట్టి వస్తుందట. మావయ్య కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయి.

కాపురానికొచ్చిన మర్నాడు, గీత సంగతి తెలియక, ఆయనకి నిండుగ్లాసు నీళ్లు ఇచ్చాను. అత్త చేతిలో గరిటె ఆగిపోయింది.

"డాక్టరు నీళ్లు బాగా తాగమన్నాడంట కదా, మావయ్యా?" అన్నాను, మా ఆయన చెప్పింది గుర్తొచ్చి.

"అన్నాడమ్మా. మూడేళ్లయింది," అన్నాడాయన, అత్తవైపు చూస్తూ.

తాగుతూ తాగుతూ గీత దగ్గర కాసేపు ఆగాడు. తర్వాత గ్లాసు ఖాళీ చేశాడు.

సాయంత్రం దాకా అత్త గంటకోసారి ఆయన పాదాలు నొక్కి చూసింది. వాపు లేదు. అప్పుడు గోళ్లరంగు తెచ్చి, అదే గ్లాసుకి పైఅంచు వెంబడి కొత్త గీత గీసింది.

"ఇదిగో, ఇక్కడిదాకానే. ఒక్క చుక్క ఎక్కువ పోసావంటే ఊరుకోను."