పాటకు రంగులు

రండి, ఇంకాస్త ఇటు జరిగి కూర్చోండి. చిన్న సంగతే, కానీ మధ్యలో లేచిపోతే మాత్రం అర్థం కాదు.

తెలుగువాళ్లు ఎప్పుడో వలసొచ్చి స్థిరపడ్డ కామాటిపుర పదమూడో గల్లీలో రత్నాబాయి కొడుకు ప్రథమేశ్ డీజే. ఆ చుట్టుపక్కల ఏ శుభకార్యమైనా అతని స్పీకర్ పెట్టెలే మోగాలి. అలాంటివాడు ఈ మధ్య వరసగా రెండు హల్దీ ఫంక్షన్లలో పరువు పోగొట్టుకున్నాడు. ఒక పాట అయిపోకముందే దాని మీద ఇంకో పాట ఎక్కింది. ఇద్దరు గాయకులు జుట్టూ జుట్టూ పట్టుకున్నట్టు ఒకటే రొద. పెళ్లివాళ్లు ఆపమని అరిచారు. ప్రథమేశ్ తల వంచుకుని మీటలు తిప్పుతూనే ఉన్నాడు.

తాగొచ్చాడన్నారు జనం.

మర్నాడు బోనాల మండలి పెద్ద భూమయ్య గుమ్మంలోకి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఆషాఢం బోనాలే నీకు ఆఖరు మోకా బేటా. మల్ల గట్లనే చేస్తివనుకో, ఇగ మా పనులన్నీ ఆ డీజే బంటీకే. అమ్మవారి ముంగట మేము నవ్వులపాలు కావాల్నా?"

ఆ రోజు నుంచి ప్రథమేశ్‌కి అన్నం సహించలేదు. అతను వాడే డీజే సాఫ్ట్‌వేర్‌లో కొత్త వెర్షన్ వచ్చింది. అదే ధ్యాస. లాప్‌టాప్ తెచ్చి తల్లి ముందు పెట్టాడు.

"చూడమ్మా. పాటను ముక్కలు ముక్కలుగ విడదీస్తది. గొంతు ఎర్రగ, డప్పు నీలంగ. గొంతు యాడ మొదలైతదో, యాడ ఆగుతదో ముందే కనపడతది."

"ఇన్నేండ్ల సంది గీ రంగులు లేకుంటెనే వాయిస్తివి గద రా. గిప్పుడెందుకు?"

"గిప్పుడు కావాలమ్మా. గీ ఒక్కటి లేకుంటే నా పని ఖతం."

బంటీ అప్పుడే వాకిట్లోకి వచ్చాడు. అతను పక్క చాల్‌లో, ఇలాంటి వరస గదుల్లోనే ఉంటాడు.

"రత్నామౌశీ, పాటను చూసేటోడు కూడ డీజేనా? నా మాట విను. ముసలి లాప్‌టాప్ అది. దాని మీద కొత్త వెర్షన్ ఎక్కిస్తే నడి రోడ్డు మీద హ్యాంగ్ అయితది. ఫుకట్‌ల ఇజ్జత్ పోతది."

అంత ఎత్తిపొడిచినా ప్రథమేశ్ స్క్రీన్ మీంచి తల కూడా తిప్పలేదు. కొడుకు ఓర్పుకు రత్నాబాయి మనసు నీరైపోయింది. కానీ బంటీ మాట మనసులోంచి పోలేదు. అది నిజంగా హ్యాంగ్ అయితే? అమ్మవారి ఊరేగింపు మధ్యలో?

పైగా ఆ వెర్షన్ కొనడానికి ప్రథమేశ్ తన హెడ్‌ఫోన్లు అమ్మకానికి పెట్టాడు. కొన్నదీ బంటీయే.

"హెడ్‌ఫోన్లు అమ్ముకున్న డీజేను నేనెక్కడ చూడలే రా!" రత్నాబాయి నెత్తి కొట్టుకుంది.

"అవి లేకున్నా నడుస్తదమ్మా," అన్నాడు.

కోడలు పూనం ఒకప్పుడు డీజే మోత అంటేనే చెవులు మూసుకునేది. ఇప్పుడు ఆమే అడ్డు వచ్చింది.

"అత్తమ్మా, వద్దనకుండ్రి. మీ కాళ్లు పట్టుకుంట."

రత్నాబాయి కొడుకు వంక చూసింది. ఈ కొన్ని నెలల్లో ఎంత మారాడు! ఇంతకుముందు ఏం చెప్పినా ఫోన్‌లో కళ్లు పెట్టి ఊఁ కొట్టేవాడు. ఇప్పుడు ఆమె నోరు తెరిస్తే చాలు, చేతిలోది వదిలేసి, చెప్పడం అయ్యేదాకా ఆమె మొహమే చూస్తాడు. పెళ్లయ్యాక కూడా తల్లి మీద ఇంత ప్రేమ ఎవరికుంటుందని నల్లా దగ్గర ఆడవాళ్లతో చెప్పి మురిసిపోయింది కూడా. అలాంటి కొడుకుని ఎలా కాదంటుంది?

"పెట్టుకో రా. అమ్మవారి మీద భారం వేస్తున్న."

బోనాల నాడు పొద్దుటి నుంచీ వాన. టెంపో మీద టార్పాలిన్ కట్టారు. దాని కింద పెట్టెలు, లాప్‌టాప్, ప్రథమేశ్. పక్కనే పూనం. కింద రత్నాబాయి నెత్తిన బోనం, చుట్టూ వేపరెమ్మలు, తడిసిన పట్టుచీరలు. ఊరేగింపు ఫాక్‌లాండ్ రోడ్ వైపు తిరిగింది.

పాట మీద పాట ఎక్కలేదు. ఒక గొంతు ఆగిన చోటే ఇంకో గొంతు అందుకుంది. భూమయ్య మొహం విప్పారింది.

అంతలో టెంపో గుంతలో దిగి లేచింది. సరిగ్గా పల్లవి వచ్చే చోట మోత మొత్తం ఆగిపోయింది.

హ్యాంగ్! రత్నాబాయి నెత్తిన బోనంతో తల కదపలేక కళ్లు మాత్రం పైకెత్తింది.

ప్రథమేశ్ మొహంలో బెదురు లేదు. స్క్రీన్ చూస్తూ రెండు చేతులూ పైకెత్తాడు. జనం వైపు ఊపాడు. అంతే, గల్లీ గల్లీ అంతా పల్లవి ఎత్తుకుంది. చప్పట్లు, వాన, వందల గొంతులు. అతని చెయ్యి తాళం తప్పలేదు.

"అరె, ఆవాజ్ బంద్ చేసి మనతోని పాడిపిస్తుండు రా!" భూమయ్య పొంగిపోయి కేక వేశాడు.

బంటీ ఈల కొట్టాడు. "మాన్‌లియా, ఒప్పుకుంటున్న! అప్‌గ్రేడ్ పైసా వసూల్!"

పల్లవి అయిపోయేసరికి మోత మళ్లీ విరుచుకుపడింది. జనం ఊగిపోయారు. వచ్చే ఏడూ నువ్వేనని భూమయ్య అక్కడికక్కడే ప్రథమేశ్ మెడలో దండ వేశాడు.

రత్నాబాయి మాత్రం మోత తిరిగి వచ్చే ముందే ఒకటి చూసింది. పూనం పెట్టెల వెనక వంగి, కుదుపుకి ఊడిపోయిన వైరును దాని బెజ్జంలోకి నొక్కింది. తర్వాత అక్కడే కూలబడి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. రత్నాబాయి నెత్తి మీది బోనం అప్పుడే వణికింది.

ఈ సంగతి గుర్తుంచుకుని నలుగురికీ చెప్పండి, కానీ ప్రథమేశ్‌కే చెప్పాలనిపిస్తే అతనికి కనపడేలా నిలబడి నిదానంగా పెదవులు కదిపి చెప్పండి, హోళీ నుంచి ఆ పిల్లాడికి చెవులు బొత్తిగా వినపడటం లేదు.