తాకిన బంతి

కోళ్ల పెంపకం నేర్పడానికి తళి అనే ఊరికి వచ్చిన అమెరికా దొర, రాగి కోసిన చేలో ఊరివాళ్లకు తన దేశపు ఫుట్‌బాల్ నేర్పుతున్నాడు.

"మనం తన్నిన బంతిని మనవాడే తాకి ఆపితే ఆట అక్కడే ఆగుతుంది. బంతి అవతలి జట్టుకు పోతుంది."

దొర తన్నాడు. అతని జట్టులోని మాలవాడ కూలి అంకప్ప పరుగెత్తి, దొర్లుతున్న బంతిని రెండు చేతులా ఆపాడు.

"భలే! ఇప్పుడు వాళ్లకివ్వు."

అవతలి జట్టు రైతు జయరామప్ప చెయ్యి చాపలేదు. అంకప్ప బంతిని నేలమీద పెట్టి, వెనక్కి జరిగి నిలబడ్డాడు.

"తీసుకోండప్పా."

జయరామప్ప వంగి తీసుకున్నాడు.

"కింద పెట్టకూడదు, చేతికివ్వాలి!" అన్నాడు దొర.

"తప్పయిపోయింది దొరా, మరిచిపోయినాను" అన్నాడు అంకప్ప.

అంకప్ప ఏమీ మరిచిపోలేదని జయరామప్పకు తెలుసు. తలెత్తకుండా, దుమ్మంతా పోయిన బంతినే తుడుస్తూ ఉండిపోయాడు.