ఏసీ కింది కుర్చీ

“లోపలికి రావచ్చా సార్?”

సార్ అనిపించుకున్నవాడు ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. వెనకాల గోడ తప్ప ఎవరూ లేరు. అంటే ఆ సార్ తనేనన్నమాట.

నిజానికి అతనూ ఇంటర్వ్యూకి వచ్చినవాడే. తొమ్మిదింటికి రమ్మంటే ఎనిమిదిన్నరకే దిగాడు. కొత్త రాజధానిలో కొత్త అద్దాల మేడ, అందులో కొత్త కంపెనీ. గుమ్మం దగ్గర కాపలా మనిషి కూడా ఆ రోజే చేరాడు. ఎవరు ఎవరో తెలియక, షర్టు టక్ చేసుకున్న ప్రతివాడికీ సెల్యూట్ కొట్టి లోపలికి పంపిస్తున్నాడు. గదిలో ఒక బల్ల, అటొక కుర్చీ, ఇటొక కుర్చీ. ఇటు కూర్చుంటే చెమటలు, అటు కూర్చుంటే నెత్తిమీదే ఏసీ. ఎవరైనా వచ్చేదాకా కాస్త చల్లబడదామని అటు కూర్చున్నాడు. అంతకుమించి పాపం ఎరగడు.

అతన్ని ఇంట్లో అందరూ ‘తెలియజేస్తాం బావ’ అంటారు. ఆ పేరు పెట్టింది బావమరిది. మూడేళ్ళలో నలభై ఒక్క ఇంటర్వ్యూలకు వెళ్తే, అన్నిచోట్లా ‘తెలియజేస్తాం’ అన్నవాళ్ళే గానీ తెలియజేసిన పాపాన పోయినవాడు ఒక్కడూ లేడు. మొగుడూ పెళ్ళాం ఉంటున్నది ఆ బావమరిది ఇంట్లోనే కాబట్టి, ఏమన్నా పడాల్సిందే. ఆ పొద్దున బయల్దేరుతుంటే బావమరిది తేల్చి చెప్పేశాడు.

“చూడు బావా, ఇవాళ కూడా తెలియజేస్తామన్నారంటే రేపట్నుంచి నా కోళ్ళఫారానికి వచ్చెయ్. గుడ్లు ఏరే మనిషి మానేశాడు.”

“కోళ్ళా! ఎన్ని?”

“ఎంత, ఆరు వేలు.”

బావకి కోళ్ళంటే చచ్చేంత భయం. చిన్నప్పుడు ఒక పెట్ట వీధి చివరిదాకా తరిమింది. ఒక్క కోడికే చెప్పులు వదిలేసి పరిగెత్తినవాడు ఆరు వేల కోళ్ళ మధ్య ఏమైపోవాలి? ఉద్యోగం వస్తే సరేసరి, లేకపోతే నా బతుకు కోళ్ళపాలే అనుకుంటూ వచ్చాడు. తీరా వస్తే ఇదిగో, ఎవడో సార్ అంటున్నాడు. మూడేళ్ళ తర్వాత చెవిన పడ్డ ఆ మాట కాదనడానికి మనసొప్పలేదు.

“రండి, కూర్చోండి. మీ గురించి చెప్పండి,” అన్నాడు.

వచ్చినవాడు చెప్పుకుంటూ పోయాడు. బావ వినకుండా ఫైలు తిరగేశాడు. అలాగే చెయ్యాలి మరి, నలభై ఒక్క చోట్లా తను చూసిందదే.

“అయిదేళ్ళ తర్వాత ఎక్కడుంటారు?”

“మీరు ఎక్కడ కూర్చోమంటే అక్కడే సార్.”

“మీ బలహీనత?”

“కష్టపడి పనిచెయ్యడం సార్.”

తనూ ఇన్నాళ్ళూ ఇదే చెప్పేవాడు. వినడానికి ఇంత దరిద్రంగా ఉంటుందని ఇప్పుడే తెలిసింది.

“తెలియజేస్తాం,” అన్నాడు. ఆహా! ఆ మాట అంటుంటే ఎంత హాయిగా ఉందో!

అలా నలుగురికి తెలియజేస్తానన్నాడు. ఒకడికైతే టై వంకరగా ఉందని చీవాట్లు కూడా పెట్టాడు. పదిన్నర కావస్తుండగా, తలుపైనా తట్టకుండా ఒక పెద్దాయన లోపలికి వచ్చాడు. బట్టతల, కోటు, నుదుటి మీదికి తోసుకున్న కళ్ళజోడు. బావని ఎగాదిగా చూశాడు.

“ఎవరయ్యా నువ్వు? ఆ కుర్చీలో ఏం చేస్తున్నావ్?”

బావ చటుక్కున లేచి నిలబడ్డాడు.

“సార్... నేనూ ఇంటర్వ్యూకే వచ్చాను సార్. ఏసీ కోసం ఇటు కూర్చున్నాను. వాళ్ళే సార్ అన్నారు సార్. బుద్ధి గడ్డి తిని నేనూ ఊరుకున్నాను. పోలీసులకు మాత్రం చెప్పకండి!”

పెద్దాయన ఓ క్షణం ఆలోచించి, కోటు సవరించుకున్నాడు.

“సరే, ఇటు రా. అటు నేను కూర్చోవాలి.”

కూర్చున్నాడు. చల్లగాలి తగిలేసరికి కళ్ళు మూసుకుని అబ్బా అన్నాడు.

“ఎంతమందిని చూశావ్?”

“నలుగుర్ని సార్.”

“ఏమన్నావ్?”

“తెలియజేస్తామన్నాను సార్.”

పెద్దాయన పగలబడి నవ్వాడు. “పదకొండేళ్ళుగా ఇంటర్వ్యూలు చూస్తున్నాను గానీ నీలాంటివాణ్ణి చూడలేదయ్యా! సరే, నీ గురించి చెప్పు.”

బావ అంతా చెప్పేశాడు. బావమరిది పెట్టిన పేరు, ఆరు వేల కోళ్ళు, వీధి చివరిదాకా తరిమిన పెట్ట, ఏదీ దాచలేదు. చెబుతుంటే కళ్ళనీళ్ళు తిరిగాయి. పెద్దాయన ఫైలు ముట్టుకోకుండా చివరిదాకా విన్నాడు. అలా విన్నవాడు నలభై రెండు చోట్లలో ఈయనొక్కడే.

“ఆరు వేలా! అయ్యో పాపం. పో, నీకు ఉద్యోగం ఇచ్చేశాను.”

“ఎప్పుడు తెలియజేస్తారు సార్?”

“తెలియజెయ్యడమేంటయ్యా, ఇచ్చేశానంటుంటే! బయట కూర్చుని మిగతావాళ్ళని ఒక్కొక్కర్నే పంపించు.”

బావ గాల్లో తేలుతూ బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేశాడు.

“ఏమేవ్, వచ్చేసిందే!”

“ఏంటండీ వచ్చేది? మీరేగా, ఇంటికి?” అంది భార్య.

“ఉద్యోగమే పిచ్చిమొహమా! మేనేజరుగారు చేతిలో పెట్టారు. మనిషి కాదనుకో, దేవుడు!”

అవతల భార్య కేక పెట్టింది. బావమరిది ఫోన్ లాక్కున్నాడు.

“నిజమేనా బావా? అయితే నీకని ఆపిన పని పక్కింటాయనకి ఇచ్చేస్తున్నా మరి. తర్వాత కావాలన్నా ఉండదు.”

“నిక్షేపంగా ఇచ్చెయ్! ఇక ఈ జన్మలో నాకు కోడి మొహం చూపించకు.”

ఫోన్ జేబులో పెట్టుకుని, తలుపు పక్కన కుర్చీ వేసుకుని, కాలు మీద కాలేసుకున్నాడు. కాపలా మనిషి మరో సెల్యూట్ కొట్టాడు. బావ వచ్చినవాళ్ళందర్నీ గోడ పక్కన వరసలో నిలబెట్టి, ఒక్కొక్కర్నే లోపలికి వదలసాగాడు. పదకొండింటికి ఎవరో ఒకాయన వరసని పట్టించుకోకుండా నేరుగా తలుపు మీద చెయ్యేశాడు.

“ఏమండోయ్, ఎంత పెద్దవాళ్ళయినా ఇక్కడ లైనే!” అని అడ్డుపడ్డాడు బావ. “లోపల మేనేజరుగారు ఇంటర్వ్యూ చేస్తున్నారు.”

“మేనేజర్ని నేనే,” అన్నాడాయన.